పొగాకు: పట్టు – విడుపు

మన పెద్దలు సప్త వ్యసనాలను గురించి చెప్పినారు. వేట, జూదం, పానం మొదలుగా గల ఆ ఏడింటిలో పొగాకు లేదు. అది మంచిదగుటచేత విడిచిపెట్టినారని కాదు. ఆ పట్టిక కూర్చిన నాటికి పొగాకు మన దేశంలో అడుగే పెట్టలేదు. ఆలస్యంగా వచ్చినదైనా ఈ ఎనిమిదవ వ్యసనం ధనికుడని, పేదయని, పండితుడని, పామరుడని భేదం లేక అన్ని ఇండ్లలోను చోటు సంపాదించుకొన్నది. దీనిని నిందిస్తూ ఉపన్యాసాలు చాలా వెలువడినవి. నిందించుట సులభం. పట్టుకొన్నవాడు ఎందుచేత విడువలేకపోతున్నాడో, విడిచినవాడు ఏ విధంగా విడువగలిగినాడో వివరించుట కష్టం. ఆ కష్టమైన పనినే ఈ వ్యాసంలో కొంత ప్రయత్నిస్తున్నాను.

కొన్నేండ్ల క్రిందట ఒక రంజాన్ సాయంత్రం కళాశాల ఆవరణలో ఇఫ్తార్ ముగిసిన తరువాత ఒక విద్యార్థి నన్ను ప్రక్కకు పిలిచి ఇట్లా అడిగినాడు: "సార్! సహరీ నుండి ఇఫ్తార్ దాకా సిగరెట్ జ్ఞాపకమే రాదు సార్. నాలుగు ఖర్జూరాలు తిని నీళ్ళు తాగగానే ప్రాణం గుంజుతుంది. పగలంతా ఉండగలిగినవాణ్ణి రాత్రి ఎందుకు ఉండలేకపోతున్నాను?"

ఆనాడు నేను అతనికి జవాబు చెప్పలేదు. తెలియకపోవుట ఒక కారణం. రెండవ కారణం చెప్పటానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. ఆ క్షణాన నా చొక్కా జేబులో కూడా సిగరెట్ పెట్టె ఉన్నది. ఆ కుర్రవాడు ఎప్పుడు వెళ్ళిపోతాడా అని నేను ఎదురుచూస్తున్నాను. ఈ వ్యాసం అతనికి నేను బాకీ పడిన సమాధానం.

ఆకు – అడవి

మన ప్రాంతంలో పొగను గురించి మాట్లాడదలచినవారు ముందుగా అడవిని గురించి మాట్లాడవలె. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే దారికి ఇరువైపులా, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపున, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం ప్రాంతాలలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పొడుగునా తునికి చెట్లు విస్తారంగా ఉన్నవి. వేసవికి ముందు పొదలను కొట్టివేస్తే లేత చిగుళ్ళు వస్తవి. ఏప్రిల్, మే నెలలలో కోయ స్త్రీలు, పిల్లలు, వృద్ధులు తెల్లవారక ముందే అడవికి పోయి ఆ ఆకు కోసుకొని వస్తారు. 50 ఆకులకు ఒక కట్ట. 1000 కట్టలకు ఒక ప్రమాణ సంచి. సాయంత్రం కల్లంలో లెక్క అప్పగించి, అక్కడే ఎండబెడతారు. 1971లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల చట్టం ఈ వ్యాపారాన్ని ప్రభుత్వ నియంత్రణ క్రిందికి తెచ్చినది. అటవీశాఖ కాగితాలలో దీని పేరు 'ఆబ్నూస్ ఆకు'. ఆ మాట మన ఉర్దూ విద్యార్థులకు కొత్తది కాదు. నల్ల చేవగల చెట్టుకు ఫారసీ నుండి వచ్చిన పేరు అది. కోయవారు కోసిన తునికాకు సర్కారు దస్తావేజులో ఫారసీ పేరుతో నిలిచి, తెలుగు బజారులో బీడీ ఆకుగా మారినది.

మా తండ్రిగారు వేసవి కాలంలో అట్టి ఒక కల్లంలో కల్లేదారుగా పనిచేసేవారు. ఆకు లెక్కపెట్టుట, మంచి చెడు ఏరుట, ఎండిన ఆకును సంచులకెత్తించుట ఆయన పని. ఆ సీజన్‌లో వచ్చిన డబ్బుతోనే మా ఇంట్లో సంవత్సరానికి సరిపడా బియ్యం, నాకు కళాశాల ఫీజు ఏర్పడేవి. కనుక తునికాకును తిట్టే అధికారం నాకు లేదు. నా డిగ్రీ పత్రంలో ఆ ఆకు వాసన ఉన్నది.

అయితే ఒక విషయం స్పష్టంగా గ్రహించవలె. తునికాకులో మత్తు లేదు. నికోటిన్ అసలే లేదు. ఆ ఆకు ఒక పొట్లం మాత్రమే. మనిషిని బంధించేది పొట్లంలోని పొగాకు. అది ఈ అడవి బిడ్డ కాదు, అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో పశ్చిమ తీరానికి వచ్చి, అక్కడి నుండి దక్కను రాజ్యాలలో వ్యాపించినది. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అసద్ బేగ్ అను ఉద్యోగి బీజాపూర్ నుండి పొగాకును, పొగ గొట్టాన్ని తీసుకొనిపోయి అక్బర్ చక్రవర్తికి సమర్పించినాడు. అనగా ఆగ్రా దర్బారు కంటె ముందే మన దక్కను పొగాకును ఎరిగినది. జహంగీర్ 1617లో పొగ తాగరాదని ఆజ్ఞ జారీ చేసినాడు. ఆజ్ఞ చరిత్ర గ్రంథాలలో మిగిలినది. పొగ దేశమంతటా మిగిలినది.

తెలుగునాట దీని చరిత్ర ఇంకా విచిత్రమైనది. గోదావరి లంకలలో చుట్టపొగాకు పండినది. గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం చేతికి చుట్ట అలంకారమైనది. గుంటూరు నల్లరేగళ్ళలో 1920లో సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు సాగు ఆరంభమైనది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు వెలసినవి. భద్రాచలానికి ఎదురుగా సారపాకలో ఉన్న కాగితపు అట్టల కర్మాగారాన్ని నెలకొల్పినది కూడా 1910లో సిగరెట్ల వ్యాపారంతో ఆరంభమైన కంపెనీయే. ఇన్ని అన్నం ముద్దలు ఒకే మొక్కతో ముడిపడి ఉన్నచోట "పొగ మానండి" అను మాట ఎంత బరువైనదో మనం తెలుసుకొని పలకవలె.

నికోటిన్ స్వభావం

16వ శతాబ్దిలో పోర్చుగల్లులో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాన్ నికో అను ఆయన పొగాకును ఔషధమని నమ్మి తన దేశానికి పంపినాడు. ఆయన పేరే నికోటిన్‌కు నిలిచినది. 1828లో పోసెల్ట్, రైమన్ అను ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు పొగాకు నుండి ఈ పదార్థాన్ని వేరుచేసినారు. పొగాకు మొక్క దీనిని తయారుచేసుకొనేది మన కోసం కాదు, తనను తినవచ్చే పురుగులను చంపటానికి. పైరుకు పురుగు పడితే పొగాకు కషాయం చల్లుట మన రైతులకు తెలిసినదే. పురుగును చంపే ఆ పదార్థమే స్వల్ప మోతాదులో మనిషి మెదడుకు నేస్తం వలె నటిస్తుంది.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అను సహజ రసాయనం ఒకటి కలదు. అది తాళపుచెవి వంటిది. దానికి సరిపడే తాళాలు నాడీకణాలపై ఉంటవి. నికోటిన్ ఆ తాళాలకు సరిపోయే దొంగ తాళపుచెవి. పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుండి 20 సెకన్లలో మెదడును చేరి ఆ తాళాలను తెరుస్తుంది. అప్పుడు డోపమిన్ అను మరొక రసాయనం విడుదలై హాయి కలుగుతుంది. రోజూ దొంగ తాళపుచెవి వస్తూ ఉంటే మెదడు తాళాల సంఖ్యను పెంచుకొంటుంది. రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటలలో సగానికి తగ్గిపోతుంది. అప్పుడు పెరిగిన తాళాలన్నీ ఖాళీగా ఉండి మొరపెట్టుకొంటవి. చిరాకు, ఆందోళన, మనసు నిలువకపోవుట, నిద్ర చెడుట, ఆకలి పెరుగుట ఆ మొర యొక్క రూపాలు. మరొక సిగరెట్ వెలిగించగానే మొర ఆగుతుంది. "సిగరెట్ తాగితే నా మనసు కుదుటపడుతుంది" అని మనం అంటాం. నిజానికి ఆ మనసును కలవరపెట్టినది ఇంతకు ముందు తాగిన సిగరెట్టే. అప్పు ఇచ్చినవాడే వచ్చి వడ్డీ కట్టటానికి మళ్ళీ అప్పు ఇస్తే అతనిని ఉపకారి అని పొగడినట్లు ఉంటుంది మన సంగతి.

ఈ బంధం ఎంత గట్టిదో 1988లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక స్పష్టం చేసినది. హెరాయిన్, కొకైన్ వంటి మాదకద్రవ్యాలు వ్యసనాన్ని కలిగించే విధానమే నికోటిన్‌కు కూడా ఉన్నదని ఆ నివేదిక సారాంశం. నిద్ర లేచిన అరగంటలోపల మొదటి పొగ కావలసివచ్చేవాడు గట్టి బంధంలో ఉన్నాడని వైద్యులు గుర్తిస్తారు. విద్యార్థులారా, ఈ పరీక్షకు ఏ ప్రశ్నపత్రమూ అక్కరలేదు. ఉదయం లేవగానే మీ చేయి దేనికోసం వెదుకుతున్నదో చూచుకొంటే చాలు.

ఇక్కడ ఒక భేదం గమనించవలె. బంధించేది నికోటిన్, చంపేది ప్రధానంగా పొగ. పొగాకు పొగలో 7000కు పైగా రసాయనాలు ఉన్నవని, వాటిలో సుమారు 70 క్యాన్సర్ కలిగించేవని శాస్త్రజ్ఞులు లెక్కించినారు. పొగాకు కారణంగా మన దేశంలో ఏటా 13 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగేవారి కంటె బీడీ తాగేవారు దాదాపు రెట్టింపు ఉన్నారు. అదే సర్వేలో, పొగతాగేవారిలో సగానికి పైగా మానదలచుకొన్నట్లు చెప్పినారు. కనుక ఈ దేశంలో పొగతాగేవారిని సుఖపడేవారుగా భావించుట పొరపాటు. వారిలో ఎక్కువమంది తప్పించుకొనజూస్తున్న బందీలు.

తేలిక అను భ్రమ

"బీడీ సన్నది, అందులో చిటికెడు పొగాకు మాత్రమే ఉంటుంది, పైగా చెట్టు ఆకు" అని మన గ్రామాలలో ఒక సమాధానం చెప్పుకొంటారు. చిటికెడు అన్న మాట నిజమే. సిగరెట్‌లో కంటె బీడీలో పొగాకు చాలా తక్కువ. కాని తునికాకు కాగితం వలె గాలి చొరనీయదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికి పీల్చవలె. అందుచేత బీడీ తాగేవాని ఊపిరితిత్తులలోకి పోయే నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు సిగరెట్‌కు తీసిపోవు, పలుమార్లు మించిపోతవి.

ఖైనీ, జర్దా, అంబర్, గుట్కాలలో పొగ లేదు కనుక దోషం లేదనుట రెండవ భ్రమ. కొత్తగూడెం, యెల్లందు గనుల సంగతి ఇందుకు మంచి దృష్టాంతం. బొగ్గుగని లోపల మండే వాయువుల భయం ఉండుటచేత అగ్గిపెట్టె, బీడీ క్రిందికి తీసుకొనిపోవుట చట్టరీత్యా నిషిద్ధం. పైన ఎన్ని బీడీలు కాల్చే కార్మికుడైనా గనిలోకి దిగిన తరువాత షిఫ్టు ముగిసేవరకు పొగ తాగడు. కాని కొందరు దవడలో పొగాకు పెట్టుకొంటారు. నికోటిన్ పొగ దారి మూసుకొంటే చిగుళ్ళ దారి వెదికినది. నోటి క్యాన్సర్‌కు ఆ దారియే రాజమార్గం. ఎలక్ట్రానిక్ సిగరెట్లు మూడవ భ్రమ. 2019లో చేసిన చట్టం వాటి తయారీని, అమ్మకాన్ని మన దేశంలో నిషేధించినది.

కుర్రవాని ప్రశ్నకు సమాధానం

ఇప్పుడు ఆ రంజాన్ సాయంత్రపు ప్రశ్నకు వద్దాం. పగలు లేని కోరిక రాత్రి ఎక్కడి నుండి వచ్చినది? నికోటిన్ లెక్క ఒక్కటే అయితే గంటలు గడిచినకొద్దీ బాధ పెరిగి, మధ్యాహ్నానికి భరించరానిది కావలసినది. అట్లా జరుగుట లేదు.

ఇజ్రాయెల్ దేశంలో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన రూవెన్ డార్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఇటువంటి ప్రశ్ననే పరిశీలించినారు. నిష్ఠాపరులైన యూదులు శనివారం నాడు నిప్పు ముట్టరు, కనుక పొగ తాగరు. ఆ దినాన వారికి కోరిక, చిరాకు తక్కువగా ఉండినవని 2005లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. 2010లో విమాన పరిచారకులను గురించి మరొక పరిశోధన వెలువడినది. తక్కువ దూరం ప్రయాణంలోను, ఎక్కువ దూరం ప్రయాణంలోను కోరిక విమానం దిగబోయే వేళకే పెరిగినది. చిన్న ప్రయాణం ముగిసే గడియలో ఉన్న కోరిక, సుదీర్ఘ ప్రయాణంలో సరిగ్గా అంతే సమయం గడిచినప్పుడు లేదు.

ఇందువలన బోధపడేది ఏమి? కోరికకు ఇద్దరు తల్లులు. ఒకటి శరీరం, రెండవది అవకాశం. తలుపు గట్టిగా మూసి ఉన్నదని మనసు నమ్మినప్పుడు కోరిక తలుపు దగ్గర నిలబడదు. తలుపు కాస్త తెరచి ఉన్నదని తెలిసిన మరుక్షణం వచ్చి తడుతుంది. ఉపవాస దినాన మనం ప్రతి గంటకు "తాగనా, మాననా" అని మనసుతో బేరమాడం. ఆ నిర్ణయం సహరీ వేళనే ముగిసిపోయినది. చుట్టూ ఉన్నవారూ అట్లే ఉన్నారు. చాయ్ లేదు, భోజనం లేదు, వాటి వెంట వచ్చే జ్ఞాపకమూ లేదు. ఇఫ్తార్‌తో తలుపు తెరుచుకొంటుంది. రోజంతా విశ్రమించిన మెదడు తాళాలు మొదటి పొగకు మామూలుకంటె గట్టిగా స్పందిస్తవి. అందుకే ఆ మొదటి సిగరెట్ అంత రుచి, అంత ప్రమాదం.

కనుక నాయనా, నీకు సంకల్పబలం లేకపోలేదు. పగలంతా అది ఉన్నదని నీవే రుజువు చేసినావు. లేనిది మూసిన తలుపు.

నా ఓటములు

ఇంత తెలిసిన తరువాత నేను ఒక్కసారిగా మానివేసినానని పాఠకులు ఊహించరాదు. ఎం.ఏ. చదివే రోజులలో వసతిగృహంలో రాత్రి చదువుకు తోడుగా పట్టుకొన్న సిగరెట్ పన్నెండేండ్లు నాతో ఉన్నది. మొదటిసారి ఒక రంజాన్ నెల ముగింపులో మానినాను. ఈదుల్ ఫితర్ నాడు మిత్రుల నడుమ "పండుగ కదా, ఒక్కటి" అన్నారు. ఆ ఒక్కటి మరునాటికి పది అయినది. రెండవసారి ఏడు వారాలు నిలిచినాను. జవాబు పత్రాల మూల్యాంకన శిబిరంలో, మధ్యాహ్నపు చాయ్ దగ్గర ఓడిపోయినాను. మూడవసారి అయిదు నెలలు గడిచినవి. ఇక గెలిచినట్లే అనుకొన్నాను.

అప్పుడు మా తండ్రిగారి జబ్బు ముదిరినది. ఆకు లెక్కపెట్టిన చేతులతోనే ఆయన రోజుకు ఒక కట్ట బీడీలు నలభై ఏండ్లు తాగినారు. చివరి సంవత్సరం పది అడుగులు నడిస్తే కూర్చొని ఆయాసం తీర్చుకొనేవారు. ఒకనాడు నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకొని, "బేటా, ఆ ఆకు మనకు అన్నం పెట్టినది, దాన్ని తిట్టకు. నువ్వు మాత్రం తాగకు" అన్నారు. సరేనన్నాను. ఆయనను ఖననం చేసి వచ్చిన సాయంత్రం ఇంటి వెనుక ఒంటరిగా నిలబడి బీడీ వెలిగించినాను. అది ఆయన చొక్కా జేబులో మిగిలిన బీడీ.

ఈ సంగతి వ్రాయుట సానుభూతి కోసం కాదు. ఆనాడు నన్ను నేను నీచుడనని తిట్టుకొన్నాను. ఆ తిట్టు మరి ఎనిమిది నెలలు నాచేత పొగ తాగించినది. "నా వల్ల కాదు" అను నిశ్చయం కంటె మంచి చెలికాడు సిగరెట్‌కు మరొకరు లేరు. తరువాత పుస్తకాలు చదివినప్పుడు తెలిసినది: ఏ సహాయమూ లేక తనంతట మాన ప్రయత్నించినవారిలో ఒక్కొక్క ప్రయత్నానికి సంవత్సరం నిలిచేవారు నూటికి ముగ్గురు నుండి అయిదుగురు మాత్రమే. మానివేసినవారిలో ఎక్కువమంది పలుమార్లు పడి లేచినవారే. పడుట అపజయం కాదు. ఏ చోట పడినామో చూచుకొనకపోవుట అపజయం. నా మూడు ఓటములను కాగితం మీద వ్రాసి చూచుకొన్నాను: పండుగ, చాయ్, దుఃఖం. మూడు చోట్లా శరీరం పిలువలేదు, సందర్భం పిలిచినది. మూడు చోట్లా తలుపు తెరచి ఉన్నది.

విడుపు మార్గం

నాలుగవసారి ఈ విధంగా చేసినాను. ఒక తేదీ నిర్ణయించి, ఇంట్లో నా భార్యకు, చిన్న కూతురికి, కళాశాలలో ఇద్దరు మిత్రులకు ముందుగా చెప్పినాను. ముందటి రాత్రి పెట్టెలు, అగ్గిపెట్టెలు, బూడిద పళ్ళెం ఇంటి నుండి పంపివేసినాను. రెండు నెలలపాటు చాయ్ తాగే హోటలు మార్చినాను. "ఇక జన్మలో తాగను" అని పెద్ద ప్రతిజ్ఞ చేయలేదు. ప్రతి ఉదయం ఫజర్ నమాజ్ తరువాత, "ఈనాటికి తలుపు మూసినాను" అని మాత్రం అనుకొన్నాను. రాత్రి నిద్రించేవరకు ఆ విషయంలో బేరం లేదు. రోజా ఇచ్చిన పాఠం ఇదే.

కోరిక ఒక అల వంటిది. లేచిన అల 3 నుండి 5 నిమిషాలలో విరిగిపోతుంది, సిగరెట్ తాగినా, తాగకపోయినా. ఆ కాస్త సేపు గడుపుటకు నాలుగు ఉపాయాలు: వెంటనే లోబడక ఆగుట, దీర్ఘంగా శ్వాసించుట, నెమ్మదిగా నీళ్ళు తాగుట, చేతికి వేరే పని కల్పించుట. నేను మిస్వాక్ పుల్లను జేబులో ఉంచుకొన్నాను. సోంపు, లవంగం కొందరికి పనికివస్తవి. సాయంత్రం మనసు అదుపు తప్పినప్పుడు లకారం చెరువు కట్ట మీద రెండు చుట్లు తిరిగేవాడిని.

మానిన మొదటి రెండు మూడు దినాలు అన్నిటికంటె కఠినం. ఆ బాధ రెండు నుండి నాలుగు వారాలలో చాలవరకు తగ్గుతుంది. పెరిగిన తాళాలు తగ్గి మెదడు మామూలు స్థితికి రావటానికి సుమారు మూడు నెలలు పట్టవచ్చును. కొందరికి మూడు నాలుగు కిలోల బరువు పెరుగుతుంది. దానికి భయపడి మళ్ళీ పొగకు పోవుట, ఎలుకకు వెరచి ఇల్లు తగులబెట్టుకొనుట.

నికోటిన్ గమ్ సహాయం తీసుకొనుటలో అవమానం లేదు. దీని పుట్టుక మన గని కార్మికుల కథను పోలి ఉన్నది. 1960లలో స్వీడన్ దేశపు జలాంతర్గాములలో పొగ తాగ వీలులేని నావికులు పొగాకు నమలి ఊరట పొందుట విని, ఓవే ఫెర్నో అను శాస్త్రజ్ఞుడు పొగాకు లేకుండా నికోటిన్ మాత్రం గల గమ్‌ను తయారుచేయించినాడు. ఇది పొగలోని విషాలు లేకుండా శరీరపు మొరను కొంత తీర్చి, అలవాటు మార్చుకొనుటకు వ్యవధి ఇస్తుంది. దీనిని మిఠాయి వలె గబగబ నమలరాదు. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే దవడలో ఒకచోట ఉంచవలె. చాయ్ తాగిన 15 నిమిషాల లోపల వాడితే ఫలితం తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్నవారు, గర్భవతులు, తీవ్రంగా అలవాటుపడినవారు వైద్యుని అడిగి వాడవలె. వైద్యుడు వ్రాయదగిన మందులు కూడా కలవు. కేంద్ర ప్రభుత్వం 2016లో ఆరంభించిన ఉచిత దూరవాణి సహాయ సంఖ్య 1800-11-2356. నా నాలుగవ ప్రయత్నంలో రెండు రాత్రులు నన్ను నిలబెట్టినది ఆ అవతలి గొంతు.

ప్రతిఫలం ఆలస్యంగా రాదు. ఒక దినం గడిచేసరికి రక్తంలోని విషవాయువు వెళ్ళిపోతుంది. ఒక సంవత్సరానికి పొగ వలన పెరిగిన గుండె జబ్బు అపాయం సుమారు సగానికి తగ్గుతుంది. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, ఆయన సహచరులు 1951 నుండి 34 వేలకు పైగా పురుష వైద్యులను అర్ధ శతాబ్దం పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించినారు. 60 ఏండ్లకు మానినవారు సుమారు 3 సంవత్సరాలు, 50 ఏండ్లకు మానినవారు 6, 40 ఏండ్లకు 9, 30 ఏండ్లకు మానినవారు 10 సంవత్సరాల ఆయుర్దాయం పొందినారు. ఇరవై ఏండ్లవాడు ఈ లెక్కను తన నోటుపుస్తకం మొదటి పుటలో వ్రాసుకొనదగును.

కళాశాల కర్తవ్యం

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మరాదు. 18 సంవత్సరాలు నిండనివారికి ఎక్కడా అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో పొగ తాగుటపై నిషేధం కఠినతరమైనది. గేటు ఎదుటి పాన్ డబ్బా ఎన్ని గజాలున్నదో కొలుచుట మన పని. కాని గజాలు కొలిచి ఊరకుంటే చాలదు. పట్టుబడిన విద్యార్థికి జరిమానా వేసి, తండ్రిని పిలిపించి అవమానించుట వలన అతడు దాచుట నేర్చుకొంటాడు, మానుట నేర్చుకొనడు. వారానికి ఒక గంట, మానదలచినవారు నిర్భయంగా వచ్చి కూర్చొనే గది ఒకటి కేటాయించవలెనని ప్రార్థన. ఆ గదిలో ఉపన్యాసకులు కూడా కూర్చొనవచ్చును. మొదటి కుర్చీలో నేను కూర్చొంటాను.

"అందరూ మానివేస్తే తునికాకు కోసేవారి గతి ఏమి?" అని ఒక ప్రశ్న రావచ్చును. ఇది నా ఇంటి ప్రశ్న. వేసవిలో ఆ కొద్ది వారాల కూలి కోయ కుటుంబాలకు ఎంత ఆసరాయో నేను కళ్ళార చూచినాను. పొగ తాగేవారు ఒక్క దినంలో అంతరించరు. కాని ఏటేటా తగ్గుట దేశానికి మేలు. ఆ తగ్గే కాలంలో ఇప్పపువ్వు, తేనె, చింతపండు, వెదురు వంటి ఇతర అటవీ ఉత్పత్తులకు న్యాయమైన ధర దొరికే ఏర్పాటు చేయుట ప్రభుత్వ ధర్మం. పేదవాని కూలిని సాకుగా చూపి పేదవాని ఊపిరితిత్తులను కాల్చుట న్యాయం కాదు. ఆ ఆకు కోసినవారు, లెక్కపెట్టినవారు కూడా ఆ బీడీనే తాగి పోతున్నారు.

చివరగా ఒక మాట. పొగ మీది కోరికను మన ఉర్దూ భాషలో 'తలబ్' అంటారు. విద్యార్థిని 'తాలిబే ఇల్మ్' అంటారు. రెండు మాటలకు మూలం ఒక్కటే: కోరుట, వెదకుట. తెలుగులో కూడా విద్యను అర్థించేవాడే విద్యార్థి. మనిషిలో వెదికే గుణం చావదు. దానిని దేనివైపు త్రిప్పుతామన్నదే ప్రశ్న.

నేను మాని ఇది నాలుగవ సంవత్సరం. ఇప్పటికీ ఎండాకాలంలో కల్లం ప్రక్కగా పోయేటప్పుడు ఎండుతున్న ఆకు వాసనకు బస్సు కిటికీ తెరచి కూర్చొంటాను. ఆ వాసన మా నాన్నగారిది. పొగ మాత్రం నాకు అక్కరలేదు. ఈనాటికి తలుపు మూసినాను.